ఆరేళ్లలో ఒక్క ఏడాది



2013 మార్చి 21న సుప్రీంకోర్టులో జస్టిస్ సదాశివం, జస్టిస్ చౌహాన్ ముంబయి వరుస పేలుళ్ల కేసులో తీర్పు చెప్పారు. 257 మంది ప్రాణాలు తీసిన ఆ పేలుళ్లు జరిగి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. యాకూబ్ మెమన్‌కు ఉరి ఖాయమైంది. మరో పదిమందికి ఉరి తప్పి యావజ్జీవం పడింది. అంత పెద్ద తీర్పులో ఒక పక్కగా హిందీ నటుడు సంజయ్ దత్ అప్పీలు కూడా తేలింది. అక్రమంగా ఆయుధాలు దగ్గర పెట్టుకున్నందుకు టాడా కోర్టు ఆయనకు ఆరేళ్ల కఠిన కారాగారం వేస్తే, సుప్రీంకోర్టు దాన్ని ఐదేళ్లకు దించింది.

ఆ రోజు టీవీలన్నీ పట్టుకున్నది ఒక్కటే సంగతి: హీరో మళ్లీ జైలుకు వెళ్తాడా, చేతిలో ఉన్న సినిమాలు ఏమవుతాయి? అంతకంటే ఆసక్తికరమైన ప్రశ్నను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. శిక్ష తగ్గించడానికి మనసొప్పిన కోర్టు ఒక్క ఏడాదే ఎందుకు తగ్గించినట్టు? నాలుగేళ్లకో మూడేళ్లకో ఎందుకు దించలేదు?

జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి.

1992 డిసెంబరులో, ఆ మరుసటి నెలలో ముంబయి మత ఘర్షణలతో తగలబడింది. సంజయ్ తండ్రి సునీల్ దత్ అప్పుడు కాంగ్రెస్ ఎంపీ. ఘర్షణల్లో చితికిపోయిన ముస్లిం కుటుంబాలకు సాయం చేస్తున్నాడని ఆ ఇంటికి బెదిరింపులు వచ్చాయి. ఇంటివాళ్ల రక్షణ కోసమే తుపాకీ తీసుకున్నానన్నది సంజయ్ వాదన. చిక్కేమిటంటే, ఆయన దగ్గర అప్పటికే లైసెన్సున్న తుపాకులు మూడు ఉన్నాయి. నాలుగోదిగా వచ్చింది వేట తుపాకీ కాదు, ఏకే-56 రైఫిల్. పైగా దాన్ని తెచ్చి ఇచ్చినవాళ్లు పేలుళ్ల కుట్రలో ఉన్నవాళ్లే. మార్చి 12న బాంబులు పేలాయి. ఏప్రిల్‌లో సంజయ్ షూటింగ్ కోసం మారిషస్‌లో ఉండగా పత్రికల్లో తన పేరు వచ్చింది. అక్కడి నుంచే స్నేహితుడికి ఫోన్ చేసి రైఫిల్‌ను ధ్వంసం చేయించాడు. ఏప్రిల్ 19న ముంబయిలో విమానం దిగగానే పోలీసులు పట్టుకున్నారు.

అప్పుడు అమల్లో ఉన్నది టాడా, అంటే ఉగ్రవాద కార్యకలాపాల నిరోధక చట్టం. దాని ఐదో సెక్షన్ చాలా కటువైనది. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతంలో అనుమతి లేకుండా కొన్ని రకాల ఆయుధాలు దగ్గరుంటే చాలు, కనీసం ఐదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఆ ఆయుధంతో ఏమైనా చేశాడా, చేయాలనుకున్నాడా అన్నది ప్రాసిక్యూషన్ చూపించనక్కర్లేదు. దీన్ని సంజయ్ తరఫు లాయర్లు సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు. 1994లో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఒక మధ్యేమార్గం చెప్పింది. ఆయుధం దొరికితే అది ఉగ్రవాద పనికేనని చట్టం అనుకుంటుంది, నిజమే. అయితే ‘కాదు, దీన్ని వేరే పని కోసం తెచ్చుకున్నాను’ అని రుజువు చేసుకునే అవకాశం ముద్దాయికి ఉండాలి. అలా రుజువు చేసుకుంటే టాడా పోయి మామూలు ఆయుధాల చట్టం కిందికి వస్తాడు.

ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది, దాని ఉపయోగం ఊహించని చోటికి పాకింది. ‘దగ్గర ఉండటం’ అంటే తెలిసి ఉండటమేనని ధర్మాసనం చెప్పింది. విమానాశ్రయంలో స్కానర్ కింద పాత బ్యాగు అడుగున ఒక తూటా బయటపడి, ‘అది ఎప్పటిదో, ఎవరిదో తెలియదు’ అని బిక్కమొహం వేసే ప్రయాణికులు అప్పుడప్పుడూ వార్తల్లో కనిపిస్తారు. తుపాకీ ఉండదు, ఉన్నది ఒక్క తూటా. అలాంటి కేసుల్ని హైకోర్టులు కొట్టేసేటప్పుడు తోడు తెచ్చుకునే తీర్పు ఇదే. సినిమా నటుడి ఏకే-56 కేసు దారిన పోయే ప్రయాణికుడిని కాపాడుతోందన్నమాట.

కేసు నడిచిన తీరు చెప్పాలంటే రోజంతా పడుతుంది. ఆర్థర్ రోడ్ జైలు ఆవరణలో ప్రత్యేక కోర్టు, నూట ఇరవై మందికి పైగా ముద్దాయిలు, జడ్జి పి.డి. కోడె. 2006 నవంబరు 28న ఆ జడ్జి సంజయ్‌ని టాడా నుంచి తప్పించి, ఆయుధాల చట్టం కింద దోషిగా తేల్చారు. 2007 జూలై 31న ఆరేళ్లు వేశారు. మన తెలుగువాళ్లకు ఆ వారం ఇంకో రకంగా గుర్తుండాలి. సంజయ్ గాంధీగిరి చేసిన ‘లగే రహో మున్నాభాయ్’ సినిమాకు రీమేక్‌గా చిరంజీవి ‘శంకర్ దాదా జిందాబాద్’ మన థియేటర్లలోకి వచ్చి అప్పటికి సరిగ్గా నాలుగు రోజులు.

ఇక అసలు సెక్షన్ సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకులన్నిటినీ ఒక గాటన కట్టదు. లైసెన్సు తీసుకుంటే ఎవరైనా ఉంచుకోదగ్గవి కొన్ని. మామూలు పౌరుడు అసలు తాకకూడనివి కొన్ని, వీటిని నిషేధిత ఆయుధాలంటారు. ఒకసారి మీట నొక్కి పట్టుకుంటే వదిలేదాకా, లేదా తూటాలు అయిపోయేదాకా పేలుతూనే ఉండే తుపాకీ ఈ రెండో రకం. ఏకే-56 అదే జాతి. మొదటి రకాన్ని లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 25(1-బీ) వర్తిస్తుంది. అప్పట్లో దానికి కనీసం ఏడాది, గరిష్ఠం మూడేళ్లు. తగిన ప్రత్యేక కారణాలుంటే, వాటిని తీర్పులో రాసి, ఆ ఏడాదికన్నా తక్కువ వేసే వెసులుబాటు కూడా జడ్జికి ఉండేది. రెండో రకానికి 25(1-ఏ). అప్పట్లో కనీసం ఐదేళ్లు, గరిష్ఠం పదేళ్లు. ఆ వెసులుబాటు వాక్యం ఇక్కడ లేదు.

ఆ లేని వాక్యమే సంజయ్ దత్ అప్పీలు ఫలితాన్ని ముందే రాసిపెట్టింది. ఆరేళ్లు వేయడం కింది కోర్టు ఇష్టం, అందుకే పైకోర్టు దాన్ని ముట్టుకోగలిగింది. ఐదేళ్లు వేయమన్నది పార్లమెంటు. దాన్ని ముట్టుకోవడానికి ఆ ఇద్దరు న్యాయమూర్తులకు చేయి అందదు. రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు విశేషాధికారాలున్నాయి కదా అనవచ్చు. ఆ దారి కూడా అంతకు ముందు ఏడాదే, 2012లో, ఒక లంచం కేసులో మూసుకుపోయింది. చట్టం కనీస శిక్ష నిర్ణయించిన చోట 142 పేరు చెప్పి అంతకు కిందికి దించలేమని సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. జైలుకు బదులు ప్రొబేషన్ ఇమ్మని కూడా సంజయ్ అడిగాడు. నేరం స్వభావం, అది జరిగిన పరిస్థితులు అందుకు ఒప్పుకోవని కోర్టు తోసిపుచ్చింది.

చాలామంది అప్పీలంటే దయకోసం పెట్టుకునే అర్జీ అనుకుంటారు. ముద్దాయి మంచివాడు, పిల్లలు చిన్నవాళ్లు, ఇరవై ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరిగాడు అని చెబితే జడ్జి మెత్తబడతాడని ఆశ. కనీస శిక్ష లేని నేరాల్లో ఆ ఆశకు కొంత చోటుంది. ఆయుధాల కేసుల్లో మాత్రం శిక్ష ఎన్నేళ్లన్నది చాలావరకు అభియోగపత్రం రాసిన రోజే ఖాయమైపోతుంది. ఏ సెక్షన్, ఏ ఉపసెక్షన్, చివరికి ఏ అక్షరం. ఏ అన్నారా, బీ అన్నారా అన్నదాని మీద ఒక మనిషి జీవితంలో నాలుగైదేళ్లు ఆధారపడి ఉంటాయి. అందుకే చేయి తిరిగిన లాయరు శిక్ష తగ్గించమని బతిమాలే ముందు, తన కక్షిదారుణ్ని సరైన అక్షరం కింద నిలబెట్టారా లేదా అని చూస్తాడు.

ఐదేళ్లలో అప్పటికే అనుభవించింది ఏడాదిన్నర. అందులో ఎక్కువ భాగం 1994 జూలై నుంచి 1995 అక్టోబరు దాకా విచారణ ఖైదీగా గడిపింది. విచారణలో ఉండగా జైల్లో గడిపిన రోజుల్ని శిక్షలోంచి మినహాయించాలని చట్టం చెబుతుంది. 2007లో శిక్ష పడ్డాక మాత్రం ఆగస్టు 20న తాత్కాలిక బెయిలు దొరికింది. కారణం వింటే నవ్వొస్తుంది: తీర్పు ప్రతి ఇంకా ముద్దాయి చేతికి అందలేదు. ప్రతి లేకుండా అప్పీలు ఎలా వేస్తాడు? ప్రతి వచ్చాక మళ్లీ లోపలికి, నవంబరు 27న మళ్లీ బయటికి. ఇవన్నీ కూడి తీసేస్తే మిగిలింది మూడున్నరేళ్లు. పునస్సమీక్ష పిటిషన్ 2013 మే 10న వీగిపోయింది. మే 16న లొంగిపోయాడు.

టాడా కేసు కావడం వల్ల ఇంకో తేడా కూడా ఉంది. మామూలు కేసులో సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు అని రెండు మెట్లుంటాయి. టాడాలో హైకోర్టు మెట్టు లేదు, నేరుగా సుప్రీంకోర్టుకే అప్పీలు. సంజయ్ చివరికి శిక్ష అనుభవించింది ఆయుధాల చట్టం కింద. అప్పీలు మాత్రం టాడా దారిలో నడిచింది, ఒకే ఒక్క మెట్టుతో.

కోర్టులు అయిపోయాక మిగిలింది గవర్నర్. అప్పటి ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి మార్కండేయ కట్జూ, రాజ్యాంగం 161వ అధికరణం కింద క్షమాభిక్ష పెట్టమని అడిగారు. కనీస శిక్ష జడ్జి చేతులు కడుతుంది గానీ గవర్నర్ చేతులు కట్టదన్నది ఆ వాదన. చట్టరీత్యా అది సరైనదే. ఆ ఫైలు తేలేసరికి మహారాష్ట్ర రాజ్‌భవన్‌లో ఉన్నది మన కరీంనగర్ మనిషి, అక్కడి నుంచి లోక్‌సభకు గెలిచిన చెన్నమనేని విద్యాసాగర్‌రావు. 2015 సెప్టెంబరులో ఆయన ఆ అర్జీని తిరస్కరించారు. గవర్నర్ ఇలాంటి విషయాల్లో సొంతంగా నిర్ణయించరు, మంత్రివర్గం సలహా ప్రకారమే నడుచుకోవాలి. సంజయ్ 2016 ఫిబ్రవరి 25న ఎరవాడ జైలు నుంచి విడుదలయ్యాడు. సత్ప్రవర్తన మినహాయింపులతో ఎనిమిది నెలలకు పైగా కలిసొచ్చింది. దాని మీదా బొంబాయి హైకోర్టులో వ్యాజ్యం పడింది, 2018లో కొట్టేశారు.

నటుడు కాబట్టి కోర్టు కనికరించిందని కొందరు, నటుడు కాబట్టే బలిపశువును చేశారని కొందరు. తీర్పు చదివితే రెండూ నిలవవు. నటుడు కావడం వల్ల కలిసొచ్చింది వేరే ఉంది. ప్రతి మెట్టులోనూ దేశంలో పేరున్న లాయర్లు నిలబడ్డారు, అప్పీలు తేలేదాకా ఐదేళ్లకు పైగా బెయిలు మీద ఉండగలిగాడు. అడవి పందుల కోసమని నాటు తుపాకీ దాచుకుని దొరికిపోయిన రైతుకు ఆ భాగ్యం ఉండదు.

ఆ రైతు సంగతే చూద్దాం. నల్లమలలోనో, ఆదిలాబాద్ అడవుల అంచునో, పాడేరు పైనో నాటు తుపాకీతో దొరికే మనిషి మీద పెట్టేది సాధారణంగా 25(1-బీ). అది రుజువైతే, 2019 డిసెంబరు 14 నుంచి కనీస శిక్ష ఏడాది కాదు, రెండేళ్లు. గరిష్ఠం మూడు కాదు, ఐదేళ్లు. ఆ సవరణే నిషేధిత ఆయుధాల శిక్షను ఐదు నుంచి పదేళ్లనే చోట ఏడు నుంచి పద్నాలుగేళ్లకు పెంచింది. ఒక మనిషి ఉంచుకోదగ్గ లైసెన్సు తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. సంజయ్ దత్ ఇంట్లో ఉన్న మూడు లైసెన్సు తుపాకులు ఈరోజైతే చట్టానికి ఒకటి ఎక్కువే.

ఇక్కడే అప్పీలుకు ఒక గట్టి కారణం దొరుకుతుంది. నేరం జరిగిన రోజున అమల్లో ఉన్న శిక్షకన్నా ఎక్కువ వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణం అంటుంది. తుపాకీ దొరికింది 2019 నవంబరులో అయి, తీర్పు 2024లో వచ్చి, అందులో కొత్త లెక్క ప్రకారం శిక్ష పడిందంటే, పైకోర్టు దాన్ని సరిచేయాల్సిందే. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు, క్యాలెండరు చూస్తే చాలు. ఇలాంటిదే ఇంకోటి ఉంది. లైసెన్సు లేని ఆయుధం కేసు నడపాలంటే ముందుగా జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కావాలని 39వ సెక్షన్ చెబుతుంది. అది లేకుండా నడిచిన కేసులో శిక్ష పొడవు కాదు, శిక్షే ప్రశ్నలో పడుతుంది.

శిక్ష పొడవు గురించే వాదించాల్సి వస్తే కోర్టులు చూసేవి బాగా తెలిసినవే. ఆయుధం ఏ రకం, పేలే స్థితిలో ఉందా, తూటాలు దొరికాయా, ఎవరి మీదైనా ఎక్కుపెట్టాడా, ఇదే మొదటి నేరమా, వయసెంత, కేసు ఎన్నేళ్లు సాగింది. వీటిని మొదట చెప్పాల్సిన చోటు కింది కోర్టు. దోషి అని తేల్చాక శిక్ష గురించి ముద్దాయి మాట విని తీరాలని చట్టం. మన కోర్టుల్లో ఆ వాదన చాలాసార్లు రెండు ముక్కల్లో ముగుస్తుంది: పేదవాడు, కుటుంబం ఇతని మీదే ఆధారపడి ఉంది, తక్కువ శిక్ష వేయండి. అక్కడ రికార్డుకెక్కని సంగతిని పైకోర్టులో మళ్లీ మొదటినుంచి నిలబెట్టడం తలకు మించిన పని.

తప్పు ఒప్పుకున్నవాళ్లకు అప్పీలు లేదని ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. సగమే నిజం. నేరం రుజువు కాలేదని వాదించడానికి లేదు గానీ, వేసిన శిక్ష ఎక్కువైందనో, చట్టం ప్రకారం లేదనో వాదించవచ్చు. కదిపితే ఉన్న శిక్ష పెరుగుతుందేమోనన్న భయం ఇంకొకటి. ముద్దాయి వేసుకున్న అప్పీలులో శిక్షను పెంచడానికి వీల్లేదని చట్టమే చెబుతోంది. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలుకు రావాలి, లేదా హైకోర్టు తనకు తానుగా నోటీసు ఇచ్చి ముద్దాయి మాట వినాలి. భయం పూర్తిగా నిరాధారం కాదు, కానీ చాలామంది అనుకునేంత పెద్దదీ కాదు.

వీటన్నిటికన్నా పెద్ద సమస్య కాలం. రెండేళ్ల శిక్ష మీద వేసిన అప్పీలు మూడేళ్ల తర్వాత వినడానికి వస్తే గెలిచి ఏం లాభం? అందుకే శిక్ష కొద్ది కాలానికే అయినప్పుడు, అప్పీలు తేలేదాకా దాన్ని నిలిపివేసి బెయిలు ఇవ్వడంలో ఉదారంగా ఉండాలని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. అప్పీలుతోపాటు ఆ పిటిషన్ కూడా వేయకపోతే, ఎంత బలమైన కేసైనా తీర్పు వచ్చేనాటికి ముద్దాయి ఇంట్లోనే ఉంటాడు, శిక్ష పూర్తిచేసుకుని.

చట్టం అంకె ముందే రాసిపెట్టి జడ్జిని పక్కకు జరిపే పద్ధతి మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో దానికి వింతైన ఉదాహరణ ఉంది. 1997లో జార్జియా రాష్ట్రం డాల్టన్ ఊళ్లో విలియం వుడెన్ అనే మనిషి, మరికొందరితో కలిసి, సామాన్లు అద్దెకు దాచుకునే గోదాము ఒకదానిలోకి జొరబడ్డాడు. లోపల వరసగా గదులు. మధ్యనున్న పల్చటి గోడల్ని పగలగొట్టుకుంటూ ఒకే రాత్రి పది గదులు దోచారు. గదికొకటి చొప్పున పది దొంగతనాలుగా కేసు రాశారు, తప్పు ఒప్పుకున్నాడు. 2014లో టెన్నెసీలోని అతని ఇంటికి ఒక పోలీసు అధికారి వేరే ఎవరినో వెతుక్కుంటూ వచ్చాడు. చలిగా ఉంది, లోపలికి రావచ్చా అన్నాడు. వచ్చాక తుపాకులు కంటపడ్డాయి. అక్కడ పెద్ద నేరంలో ఒకసారి దోషిగా తేలినవాడు తుపాకీ ఉంచుకోకూడదు.

మామూలుగా అతనికి పడాల్సింది ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడు నెలలు. కానీ వేర్వేరు సందర్భాల్లో మూడు పెద్ద నేరాలు చేసినవాడికి కనీసం పదిహేనేళ్లు వేయాలని అక్కడ 1984 నుంచి ఒక చట్టం ఉంది. పది గదులు కాబట్టి పది సందర్భాలని లెక్కగట్టి 188 నెలలు, అంటే పదిహేనేళ్ల ఎనిమిది నెలలు వేశారు. 2022 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఒక్క మాట మీద నిలబడి, ఒకే రాత్రి ఒకే కప్పు కింద జరిగింది ఒకే సందర్భమని తేల్చారు. జస్టిస్ ఎలీనా కేగన్ తీర్పు రాశారు. వుడెన్ మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ అందులో లేదు. లెక్క తప్పు, అంతే. 2024లో అదే కోర్టు ఇంకో అడుగు వేసి, సందర్భాలు ఎన్నో లెక్కపెట్టే పని జడ్జిది కాదు, జ్యూరీదని చెప్పింది.

బ్రిటన్‌లో కథ మరోలా నడిచింది. అక్కడా కొన్ని తుపాకులకు ఐదేళ్ల కనీస శిక్ష ఉంది, కాకపోతే అసాధారణ పరిస్థితులుంటే తగ్గించవచ్చు. ప్రత్యేక దళంలో స్నైపర్‌గా పనిచేసిన సార్జంట్ డానీ నైటింగేల్ గదిలో 2011లో ఒక గ్లాక్ పిస్తోలు, మూడు వందలకు పైగా తూటాలు దొరికాయి. ఇరాక్‌లో అక్కడి సైనికులు బహుమతిగా ఇచ్చారని, తర్వాత మెదడు దెబ్బతిని మరిచిపోయానని చెప్పుకున్నాడు. పోరాడి ఓడితే ఐదేళ్లు పడొచ్చన్న మాట చెవిన పడి 2012 నవంబరులో తప్పు ఒప్పుకున్నాడు. పద్దెనిమిది నెలల నిర్బంధం వేశారు. దేశమంతా గగ్గోలు. ఆ నెలాఖరుకే అప్పీలు కోర్టు దాన్ని పన్నెండు నెలలకు తగ్గించి, అదీ అమలు కాకుండా నిలిపి ఇంటికి పంపింది.

చాలామంది అక్కడితో ఆగిపోతారు. నైటింగేల్ ఆగలేదు. తనతో తప్పు ఒప్పించిన తీరే సరికాదని మళ్లీ అప్పీలుకు వెళ్లి, 2013 మార్చిలో దోషిత్వాన్నే కొట్టేయించుకున్నాడు. ఫలితం? మళ్లీ విచారణ జరిపారు, జూలైలో మళ్లీ దోషి అన్నారు, ఈసారి రెండేళ్లు. అదీ అమలు నిలిపిన శిక్షే కాబట్టి జైలు తప్పింది. కాగితం మీద చూస్తే మాత్రం రెండు అప్పీళ్లు గెలిచినవాడికి మొదటికన్నా పెద్ద అంకె మిగిలింది.

అంకెను తగ్గించడం కాదు, ఆ అంకె రాసిన సెక్షన్‌నే కొట్టేయడం అరుదుగా జరుగుతుంది. మన ఆయుధాల చట్టంలోనే అది జరిగింది. 1988లో చేర్చిన 27(3) ప్రకారం నిషేధిత ఆయుధాన్ని చట్టవిరుద్ధంగా వాడి, దానివల్ల ఎవరైనా చనిపోతే మరణశిక్ష ఒక్కటే. చంపాలనుకున్నాడా, పొరపాటున పేలిందా అన్న తేడా లేదు. జడ్జి ఎంచుకోవడానికి రెండోది లేదు. 2012 ఫిబ్రవరి 1న, పంజాబ్ ప్రభుత్వం ఒక సీఆర్పీఎఫ్ కానిస్టేబుల్ మీద వేసిన అప్పీలులో, జస్టిస్ గంగూలీ, జస్టిస్ ఖేహర్ ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. దానికి పునాది 1983 నాటి మిఠూ కేసు. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్పదన్న శిక్షాస్మృతి 303ను అందులో కొట్టేశారు. ఆ ధర్మాసనంలో విడిగా తన అభిప్రాయం రాసినవారు, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి.

తప్పనిసరి ఉరిని ఒప్పుకోని కోర్టులు తప్పనిసరి ఐదేళ్లను, ఏడేళ్లను ఒప్పుకుంటున్నాయి. ప్రాణం పోతే తిరిగి రాదు, ఏళ్లు పోతే సర్దుకోవచ్చన్నది తేడా కావచ్చు. నాటు తుపాకీ కేసులో రెండేళ్లు లోపలున్న మనిషి పొలం, పశువులు, పిల్లల చదువు ఎలా సర్దుకుంటాయో చట్టం లెక్కలో ఎక్కడా రాదు.

ఇక గడువుల సంగతి, ఎవరికైనా అవసరపడవచ్చు. 25(1-బీ) కేసులు విచారించేది ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ కోర్టు. దాని మీద అప్పీలు సెషన్స్ కోర్టుకు, ముప్ఫై రోజుల్లో. సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకైతే అరవై రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు ఇందులోంచి పోతాయి, ఆలస్యానికి సరైన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. జైల్లో ఉన్నవారు లాయరు కోసం ఎదురుచూడనక్కర్లేదు. అప్పీలు అర్జీ జైలు అధికారి చేతికిస్తే, దాన్ని కోర్టుకు పంపడం ఆయన బాధ్యత. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది, కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితి కూడా చూడరు. అర్జీలో మూడు సంగతులు మాత్రం తప్పకుండా ఉండాలి: ఆయుధం దొరికిన తేదీ, శిక్ష పడిన సెక్షన్ అక్షరంతో సహా, అప్పటికే లోపల గడిపిన రోజుల లెక్క.